గంధకం కొండ ఎక్కాం

ఎనిమిదో తరగతి సైన్స్ ఎగ్జిబిషన్‌లో నేను అగ్నిపర్వతం చేశాను. అట్టముక్కలు, బంకమట్టి, మధ్యలో ఒక ఖాళీ దగ్గుమందు సీసా, అందులో వంటసోడా, పైనుంచి వెనిగర్, ఎర్రరంగు కోసం అమ్మ కుంకుమ. బుస్సుమని పొంగింది. కన్సోలేషన్ ప్రైజ్ కూడా వచ్చింది. మొన్న జూన్ దాకా అగ్నిపర్వతాల గురించి నా జ్ఞానం అంతే.

జూన్‌లో మా ఇంటిల్లిపాదీ నిజమైన అగ్నిపర్వతం ఎక్కి, దాని క్రేటర్ లోపలికి దిగి వచ్చాం. ఇంటిల్లిపాదీ అంటే అమ్మ, నాన్న, అక్క, నేను. ఇండోనేషియాలో, జావా దీవి తూర్పు చివర కవా ఇజెన్ అనే కొండ ఉంది. కవా అంటే వాళ్ళ భాషలో క్రేటర్. అక్కడ రాత్రిపూట నీలిమంటలు మండుతాయి, తెల్లారితే యాసిడ్ చెరువు కనిపిస్తుంది. రీల్స్‌లో చూసే ఉంటారు. ఆ రీల్స్‌లో చెప్పని విషయాలు కొన్ని రాద్దామని కూర్చున్నాను. మా క్లబ్ ఎడిటర్ "ట్రావెలాగ్ వద్దు, ఏదైనా వివరించు" అన్నాడు. వివరిస్తూనే ట్రావెలాగ్ కూడా రాస్తున్నా, క్షమించాలి. ఇంగ్లీష్ మీడియం బాపతు కాబట్టి అక్షరదోషాలు కూడా.

ముందు, అక్కడ అగ్నిపర్వతం ఎందుకుంది? ఇండోనేషియా మ్యాప్ తీసి చూడండి. సుమత్రా, జావా, బాలి అన్నీ ఒక విల్లు వంపులో వరసగా ఉంటాయి. ఆ వంపుకి దక్షిణంగా సముద్రం అడుగున భూమి పలక ఒకటి ఇంకో పలక కిందకి దూరిపోతోంది. ఏడాదికి 6, 7 సెంటీమీటర్లు. దూరేటప్పుడు ఆ పలక సముద్రపు నీటిని కూడా రాళ్ళలో ఇముడ్చుకుని లోపలికి తీసుకుపోతుంది. అసలు కథ ఆ నీళ్ళది. ఐస్ మీద ఉప్పు చల్లితే అది తక్కువ ఉష్ణోగ్రతలోనే కరుగుతుంది కదా, అలాగే లోపలున్న వేడిరాయికి నీరు తగిలితే అది మామూలుగా కరగాల్సిన వేడికంటే ముందే కరిగిపోతుంది. అదే మాగ్మా. తేలికగా ఉంటుంది కాబట్టి పైకి వస్తుంది. వచ్చేటప్పుడు గోళీసోడాలో గ్యాస్ ఉన్నట్టు దానిలో గ్యాసులు కరిగి ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, గోళీ నొక్కినట్టే, గ్యాసు బయటికి తన్నుకొస్తుంది. ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, గంధకం వాయువులు.

ఈ పలకల సరిహద్దు మనకి అంత దూరమేం కాదు. అదే గీత సుమత్రా పక్క నుంచి ఉత్తరంగా అండమాన్ దాకా వస్తుంది. మన దేశంలో ఇప్పటికీ మండుతున్న ఒకే ఒక అగ్నిపర్వతం, బారెన్ ఐలాండ్, ఆ గీత దగ్గరే ఉంది. 2004 డిసెంబర్ 26న మన కోస్తాకి సునామీ వచ్చింది కూడా ఆ గీత కదలడం వల్లే. నేను అప్పటికి పుట్టలేదు, కానీ మా అమ్మ ఇప్పటికీ ఆ రోజు గురించి చెప్తుంది.

సరే, ట్రిప్పు. అక్క బెంగళూరులో జాబ్‌లో చేరి ఏడాదైంది, బోనస్ వచ్చింది, అందరినీ బాలి తీసుకెళ్తానంది. అమ్మకి గుళ్ళు చూడాలని, అక్కకి బీచ్. నాకు మాత్రం ఆ నీలిమంట చూడాలని. నాన్నని అడిగితే "మీ ఇష్టం రా" అన్నారు, ఎప్పట్లాగే. బాలి నుంచి జావాకి పడవలో గంట. అవతల ఒడ్డున బన్యువాంగి ఊళ్ళో ఒక చిన్న ఇంట్లో దిగాం. బాలికీ జావాకీ గంట టైం తేడా ఉంది, పడవ దిగగానే గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. ఎక్కడానికి పొద్దున్న 2 గంటలకి గేటు తీస్తారు. అంటే రాత్రి పన్నెండున్నరకే లేవాలి.

గైడ్ నాన్న వయసు మనిషి. సన్నగా, కాస్త వంగి ఉన్నాడు. అక్కడ పెద్దవాళ్ళని పాక్ అని పిలుస్తారు, మన "అయ్యా" లాంటిది. మేమూ అలాగే పిలిచాం. ఆయనకి ఇంగ్లీష్ ఓ యాభై మాటలు వచ్చు, అవే సరిపోయాయి. ముందురోజు సాయంత్రం ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. కొండ ఎక్కాలంటే డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలి. బీపీ చూశారు, వేలికి క్లిప్ పెట్టి ఆక్సిజన్ చూశారు. తర్వాత ఒక్కొక్కరినీ "అస్మా?" అని అడిగారు. ఆస్తమాని వాళ్ళూ అలాగే అంటారు, ట్రాన్స్‌లేటర్ అక్కర్లేదు. నాన్న తల అడ్డంగా ఊపారు. అమ్మ నాన్న వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా సంచీ సర్దుకుంది. ఆ చూపు నేను గమనించాను, పట్టించుకోలేదు.

గేటు దగ్గర చలి. జూన్‌లో అనకాపల్లి నుంచి వెళ్ళినవాళ్ళకి అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. అమ్మ చీర మీద స్వెటర్, దాని మీద అక్క జాకెట్, తలకి మఫ్లర్. దారి 3 కిలోమీటర్లు, ఎత్తు దాదాపు 500 మీటర్లు. దూరం తక్కువే అనిపిస్తుంది, కానీ అంతా ఏటవాలు, కాలికింద జారే ఇసుకమట్టి. అలిపిరి 3,550 మెట్లు పెళ్ళైన కొత్తలో ఎక్కానని అమ్మ గొప్పగా చెప్పుకుంటూ బయల్దేరింది. పావుగంటకి మోకాళ్ళు మొరాయించాయి.

అక్కడ దీనికి ఒక ఏర్పాటుంది. రెండు చక్రాల బండి, ముందు ఒకరు తాడుతో లాగుతారు, వెనక ఒకరిద్దరు తోస్తారు. బండివాళ్ళు చీకట్లో మన పక్కనే నడుస్తూ "టాక్సీ, టాక్సీ, లంబోర్గిని!" అని పిలుస్తుంటారు. మనుషులు లాగే బండి ఎక్కనని అమ్మ పట్టుపట్టింది. పాక్ నాతో అన్నాడు: "బండి ఎక్కితే వాళ్ళకి డబ్బులు. ఎక్కకపోతే వాళ్ళు గంధకం మొయ్యాలి." అది చెప్పాక అమ్మ ఎక్కింది. దారి పొడుగునా వాళ్ళకి బిస్కెట్లు ఇస్తూనే ఉంది.

మేం ముగ్గురం నడిచాం. పాక్ పది అడుగులకోసారి "పెలాన్ పెలాన్" అంటాడు. మెల్లమెల్లగా అని. మాటని రెండుసార్లు అనడం మనకే కాదు, వాళ్ళకీ ఉంది. నాన్న వెనకబడుతున్నారు. ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని, "మీరు నడవండి, వస్తా" అంటున్నారు. వయసు అనుకున్నాను. యాభై రెండేళ్ళకి వయసేంటి అని ఇప్పుడు అనిపిస్తోంది.

క్రేటర్ అంచుకి చేరేసరికి మూడున్నర దాటింది. అక్కడ ఒక బోర్డు, దాని మీద పెద్దక్షరాల్లో "బహాయ". ప్రమాదం అని అర్థం. సంస్కృతం నుంచి వెళ్ళిన మాట, మన "భయం"కి చుట్టం. కింద ఇంగ్లీష్‌లో సందర్శకులు క్రేటర్‌లోకి దిగకూడదని ఉంది. దాన్ని దాటుకుంటూ జనం క్యూలో దిగుతున్నారు. నేను పాక్‌ని అడిగాను. రూల్ అంతే, కానీ అందరూ దిగుతారు, గాలి బాగుంటే తీసుకెళ్తా, గాలి మారితే నేను చెప్పిన వెంటనే వెనక్కి రావాలి, ప్రశ్నలు వద్దు అన్నాడు. ఆ బోర్డుని మేం కూడా దాటాం. సరైన పనే చేశామని అనను. వద్దంటే ఆగిపోదామని అక్క అంది, "ఇంత దూరం వచ్చాం కదా" అన్నది నేనే. అమ్మ పైనే బండివాళ్ళతో ఉండిపోయింది.

ముగ్గురికీ రబ్బరు మాస్కులిచ్చాడు, బుగ్గలకి రెండువైపులా డబ్బాల్లాంటి ఫిల్టర్లు. ఇక్కడొక విషయం చెప్పాలి, ఎవరైనా వెళ్తే పనికొస్తుంది. కోవిడ్ అప్పుడు మనం వాడిన ఎన్95 ఇక్కడ పనికిరాదు. అది దుమ్మునీ, తుంపర్లనీ ఆపుతుంది. ఇక్కడ వచ్చేది సల్ఫర్ డయాక్సైడ్, వాయువు. దాని అణువు ఆ దారాల సందుల్లోంచి హాయిగా వెళ్ళిపోతుంది. యాసిడ్ గ్యాస్‌ని పట్టుకునే కెమికల్ ఉన్న ఫిల్టర్ కావాలి.

కిందకి దిగేదారి ఏడెనిమిది వందల మీటర్లు. మెట్లూ కాదు, రాళ్ళూ కాదు, రెండూ కలిసిన ఒక గందరగోళం. ఎదురుగా గంధకం మోసేవాళ్ళు పైకి వస్తుంటారు, వాళ్ళకి దారివ్వాలి. రెండు వెదురు బుట్టలు, వాటిని కలుపుతూ భుజం మీద ఒక బద్ద. చూడగానే నాన్న "కావడి" అన్నారు. అచ్చం కావడే. బరువు మాత్రం 70 నుంచి 90 కిలోలు. మోసినవాడి బరువుకంటే మోసేది ఎక్కువ. కిలోకి వచ్చేది సుమారు వెయ్యి రుపియా, మన లెక్కలో ఐదారు రూపాయలు. కొందరికి భుజం మీద బద్ద ఆనేచోట కండ గడ్డలా ఉబ్బి ఉంది. పాక్ తన చొక్కా కాలర్ పక్కకి లాగి చూపించాడు. ఆయనకీ ఉంది. గైడ్ కాకముందు ఆయనా మోశాడు.

అడుగున నీలిమంట. ఫోన్‌లో సరిగ్గా పడలేదు, అందుకే ఈ వ్యాసానికి ఫొటో లేదు. గ్యాస్ స్టవ్ మంటని తీసుకొచ్చి కొండ వాలు మీద పరిచినట్టు ఉంటుంది. చప్పుడు కూడా ఉంటుంది, ప్రెషర్ కుక్కర్ విజిల్ ముందు వచ్చే బుస లాగా, ఆగకుండా. దీన్ని నెట్‌లో చాలామంది "నీలి లావా" అంటారు. తప్పు. లావా మామూలుగా ఎర్రగానే ఉంటుంది. ఇక్కడ పగుళ్ళలోంచి గంధకం ఆవిరి 600 డిగ్రీల దాకా వేడితో బయటికొస్తుంది. గంధకం గాలిలో అంటుకోవడానికి 250 డిగ్రీలైతే చాలు. కాబట్టి గాలి తగలగానే అగ్గిపుల్ల అక్కర్లేకుండా మండుతుంది. గంధకం మంట రంగే నీలం. కొంత ఆవిరి చల్లబడి ద్రవమై, మండుతూనే వాలులో పారుతుంది, దూరం నుంచి చూస్తే లావాలా కనిపించేది అదే. పగలు కూడా మండుతూనే ఉంటుంది, ఎండలో మనకి కనిపించదంతే.

మంట పక్కనే గొట్టాలు. ఇవి మనుషులు పెట్టినవి. పగుళ్ళ మీద పొడవాటి గొట్టాలు బిగించి ఆవిరిని వాటిలోంచి కిందకి రప్పిస్తారు. దారిలో చల్లబడి ద్రవమైపోతుంది, చివర్లోంచి బొట్లుబొట్లుగా కారుతుంది. కారేటప్పుడు రంగు ముదురు ఎరుపు, దాదాపు మన దగ్గర అట్టు మీద పోసుకునే బెల్లంపాకం రంగు. నేలమీద పడి ఆరాక నిమ్మపండు పసుపు. గడ్డకట్టాక ఇనుప గడ్డపారలతో పగలగొడతారు.

ఎరుపు ఎందుకు పసుపవుతుంది? సీఎస్ వాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గంధకంలో 8 పరమాణువులు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతాయి. సర్క్యులర్ లింక్డ్ లిస్ట్, 8 నోడ్లు. 115 డిగ్రీల దగ్గర కరిగితే ఆ చిన్న చిన్న వలయాలు ఒకదానిమీద ఒకటి జారుతూ పల్చగా పారతాయి. ఇంకా వేడిచేస్తే, 160 డిగ్రీలు దాటాక, వలయం తెగుతుంది. తెగిన కొసలు పక్కవాటి కొసలు పట్టుకుని పొడవాటి గొలుసులవుతాయి. గొలుసులు చిక్కులు పడతాయి కాబట్టి ద్రవం హఠాత్తుగా చిక్కబడుతుంది, రంగు ఎరుపెక్కుతుంది. ఏదైనా వేడిచేస్తే పల్చబడుతుంది అనుకుంటాం కదా, ఇది ఎదురు నడుస్తుంది. చల్లారితే మళ్ళీ 8 నోడ్ల లిస్టులు, మళ్ళీ పసుపు. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో నాకు ఇంత బాగా అర్థం కాలేదు.

"ఇదంతా ఎక్కడికెళ్తుంది?" అని అక్క అడిగింది. పాక్ చెప్పబోయేలోపే నాన్న మాస్కు కిందకి లాగి "పంచదారకి" అన్నారు. పాక్ ఆశ్చర్యపోయాడు. "గులా, గులా" అన్నాడు. గులా అంటే వాళ్ళ పంచదార. తూర్పు జావా చెరుకు దేశం, ఇక్కడి గంధకం చాలావరకు పంచదార తెల్లగా చేయడానికే పోతుంది. ఇంకా రబ్బరు గట్టిపడటానికి, అగ్గిపెట్టెలకి, కాస్మెటిక్స్‌కి.

పంచదారకి గంధకం ఎందుకో నాకూ తెలీదు. చెరుకురసం అసలు రంగు మనకు తెలిసిందే, పచ్చగా, మురికిగా ఉంటుంది. ఫ్యాక్టరీలో దానికి సున్నపు నీళ్ళు కలిపి, గంధకం కాల్చి వచ్చిన వాయువుని లోపలికి పంపిస్తారు. ఆ రెండూ కలిసి రసంలోని మలినాలని పట్టుకుని అడుక్కి దిగుతాయి, వాయువు రంగుని కూడా విరిచేస్తుంది. తర్వాత పాకం అయ్యాక మళ్ళీ ఒకసారి అదే వాయువు. మన దేశంలో ఎక్కువ ఫ్యాక్టరీల్లో పద్ధతి ఇదే. మన ఫ్యాక్టరీలకి గంధకం కొండల నుంచి రాదు, ముడిచమురు శుద్ధిచేసే రిఫైనరీల్లో ఉప ఉత్పత్తిగా వస్తుంది. విచిత్రమేంటంటే, అక్కడ రెండు గంధకం వాయువుల్ని కలిపి గంధకం తీసే రియాక్షనూ, ఇక్కడ ఈ పగుళ్ళ అంచుల్లో పసుపు పొర పేరుకునే రియాక్షనూ ఒకటే. చివరికి బెల్లానికి కూడా రంగు కోసం గంధకం మందు వేస్తారు, హైడ్రోస్ అని. అనకాపల్లిలో పుట్టిన అమ్మ అందుకే నల్లబెల్లం తప్ప కొనదు.

నాన్న ఇదంతా నాకు అక్కడే చెప్పలేదు. అక్కడ అంత టైం దొరకలేదు. గాలి మారింది.

ఎలా తెలిసిందంటే, ముందు మంట కనిపించడం మానేసింది. తెల్లటి పొగ మా వైపు ఒరిగింది, టార్చి వెలుతురు అడుగు దూరంలో ఆగిపోయింది. కళ్ళు భగ్గుమన్నాయి. మాస్కు ఉన్నా అంచుల్లోంచి కొంచెం లోపలికి వచ్చింది. వెయ్యి అగ్గిపుల్లలు ఒకేసారి ముక్కుకింద గీసినట్టు. పాక్ "అప్! అప్!" అని అరిచాడు.

సల్ఫర్ డయాక్సైడ్ మనల్ని ఏం చేస్తుందో ఇక్కడే చెప్తాను. అది గాలికంటే రెండింతలకు పైగా బరువు, అందుకే గిన్నెలాంటి క్రేటర్ అడుగున నిలబడిపోతుంది. నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. మన ముక్కు, గొంతు లోపల ఉండే తడి దానికి నీళ్ళే. కరిగి ఆమ్లమవుతుంది. శ్వాసనాళాలు వెంటనే బిగుసుకుంటాయి, లోపలికి రానివ్వకుండా. మామూలు మనిషికి దగ్గొచ్చి ఆగుతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకి చాలా కొద్దిపాటి గ్యాస్‌కే నాళాలు మూసుకుపోతాయి. పైగా ఎక్కుతున్నప్పుడు మనం నోటితో ఊపిరి తీస్తాం, ముక్కులో కరగాల్సింది నేరుగా లోపలికే పోతుంది. ఈ కొండ గ్యాస్ కిందున్న ఊళ్ళకి కూడా దిగుతుంది. 2018 మార్చిలో అలా దిగి జనం ఆసుపత్రి పాలయ్యారు.

నాన్నకి దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేని దగ్గు. మాస్కులో ఊపిరాడటంలేదని పీకేశారు. నేను మళ్ళీ పెట్టబోతే చెయ్యి తోసేశారు. ఆ చీకట్లో నాన్న చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మెళ్ళో తువ్వాలు తీశారు, నా బ్యాగులో సీసా లాగి దాన్ని తడిపారు, రెండు మడతలు వేసి మూతికి పెట్టుకుని కొసని పళ్ళతో కరిచి పట్టుకున్నారు. తల వంచి, నేలకేసి చూస్తూ నడవడం మొదలెట్టారు. ఎవరూ చెప్పలేదు. కావడి మోసేవాళ్ళందరి నోట్లోనూ అలాంటి తడిగుడ్డే ఉంది. గ్యాస్ నీళ్ళలో కరుగుతుంది కాబట్టి కొంత ఆ గుడ్డలోనే ఆగిపోతుంది, అదీ దాని వెనక కెమిస్ట్రీ.

పాక్ టార్చి వేసి నాన్నని చూశాడు. నన్ను అడిగాడు: "మీ నాన్న గంధకం పని చేశాడా?"

"లేదు, లేదు," అన్నాను నేను.

నాన్న తువ్వాలు వెనక నుంచి "యెస్" అన్నారు.

పాక్ ఇంకేమీ అడగలేదు. నాన్న చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు, బద్ద ఆనే ఆ గడ్డ మీదే. ఎదురొచ్చిన ఇద్దరు మోతగాళ్ళు బుట్టలు పక్కన దించి వెనకనుంచి ఆసరా పట్టారు. నేనూ అక్కా వెనకాల ఏడుస్తూ ఎక్కాం. ఏడిస్తే మాస్కు అద్దం మీద ఆవిరి పడుతుంది, దారి కనిపించదు, అది కూడా అక్కడే తెలిసింది. ఎంతసేపు పట్టిందో తెలీదు. అంచు మీదకి రాగానే గాలి శుభ్రంగా తగిలింది. అమ్మ పరిగెత్తుకొచ్చింది, మోకాళ్ళు ఏమయ్యాయో మరి. "ఏమండీ, చెప్పానా నేను" అంది. ఆమెకి అన్నీ తెలుసన్నమాట.

మెల్లగా తెల్లారింది. చెరువు కనిపించింది. ఆ రంగు రీల్స్‌లో ఫిల్టర్ అనుకున్నాను, కాదు, నిజంగానే అంత పాలనీలం. నీటిలో తేలే సన్నటి గంధకం రేణువులు, కరిగిన లోహాలు కలిసి ఇచ్చే రంగది. చెరువు వెడల్పు ఓ కిలోమీటరు. లోపల్నుంచి వచ్చే గ్యాసులు వాననీటిలో కరిగి కరిగి దాన్ని యాసిడ్ చేశాయి. పీహెచ్ 0.5 లోపే. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. తేడా ఒకటిన్నరే కదా అనుకోకండి, ఇది లాగ్ స్కేలు, ఒకటికి పదింతలు. అంటే నిమ్మరసంకంటే ముప్పై రెట్లకు పైనే. 2008లో జార్జ్ కొరూనిస్ అనే కెనడా సాహసికుడు దీనిమీద రబ్బరు పడవ వేసుకుని వెళ్ళి 0.13 కొలిచాడు. ఈ చెరువు నుంచి ఊరి ఏటికి వన్నెతగ్గిన యాసిడ్ పారుతూనే ఉంటుంది. ఆ ఏరు పేరు బన్యుపాహిత్, చేదునీళ్ళు అని. మేం దిగిన ఊరు బన్యువాంగి, సువాసన నీళ్ళు. 1817లో పెద్ద పేలుడు వచ్చినప్పుడు చెరువు నీళ్ళే పైకి లేచి కిందకి వరదలా దిగాయి. ఇప్పటికీ అందరి భయం అదే. లావా రావడం తర్వాతి మాట, ఈ చెరువు కింద ఆవిరి బిగిసి పేలితే చాలు.

నాన్న ఒక రాయి మీద కూర్చున్నారు. పాక్ ప్లాస్క్‌లోంచి అల్లం టీ పోశాడు. దగ్గు తగ్గాక నాన్న చెప్పారు, చెరువుకేసి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు.

నాకు తెలిసి నాన్న పంచదార ఫ్యాక్టరీలో కాటా దగ్గర చేసేవారు. చెరుకు లారీలు తూచి చీటీ రాయడం. చిన్నప్పుడు వెళ్ళి చూశాను కూడా. కాటాకి రాకముందు పదకొండు సీజన్లు సల్ఫర్ కొలిమి దగ్గర చేశారట. గంధకం పారతో వేయడం, గాలి తిప్పడం, లీకైతే కట్టడం. క్రషింగ్ సీజన్‌లో కొలిమి ఆపరు కాబట్టి రాత్రి షిఫ్టులు. మాస్కులు అడిగితే వస్తాయన్నారట, వచ్చేలోపు సీజన్ అయిపోయేదట. తడితువ్వాలు, నోట్లో బెల్లంముక్క. అంతే రక్షణ. బెల్లం గొంతుకి మంచిదని పెద్ద మేస్త్రీ చెప్పాడట. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, రావాల్సిన జీతాలు ఇంకా రాలేదు, ఆ సంగతి మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. కొలిమి సంగతి అమ్మకే తెలుసు. రాత్రుళ్ళు దగ్గు అమ్మే వినేది. నేను హాస్టల్లో, అక్క బెంగళూరులో.

"మరి నిన్న క్లినిక్‌లో ఎందుకు లేదన్నారు?" అని అక్క కోప్పడింది.

"ఆస్తమా అని నాకెవరూ చెప్పలేదు కదమ్మా. చూపించుకుంటే కదా చెప్పడానికి," అన్నారు. తర్వాత, "వీడు చూడాలని ఎంతో ఆశపడ్డాడు" అన్నారు. వీడు అంటే నేను.

పాక్‌కి ఇదంతా నేను ముక్కలుముక్కలుగా ఇంగ్లీష్‌లో చెప్పాను. ఆయన తల ఊపి, తన దగ్గు గురించి చేతులతో చెప్పాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ దిగేదారంతా పక్కపక్కనే నడిచారు. ఒకరి భాష ఒకరికి రాదు. నాన్న తెలుగులోనే మాట్లాడారు, ఆయన జావా భాషలో. కొలిమి ఎలా ఉండేదో నాన్న చేతులతో చూపిస్తే, ఆయన గొట్టాలెలా బిగిస్తారో చూపించాడు. బరువులు తూచే గుడిసె దగ్గర ఇద్దరూ ఆగి కాటా చూశారు. నాన్న దాన్ని ఒకసారి తట్టి, ముల్లు చూసి, బానే ఉందని బొటనవేలు చూపించారు.

ఇంటికొచ్చిన వారానికి అక్క బలవంతంగా విశాఖలో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టర్ స్టెత్ పెట్టకముందే అడిగింది ఏం పని చేసేవారని. గొట్టంలోకి గట్టిగా ఊదించే టెస్ట్ చేశారు. శ్వాసనాళాలు ఇరుకైపోయాయి, పాత డ్యామేజీ, పూర్తిగా వెనక్కి రాదు, ఇంకా పాడవకుండా ఆపొచ్చు అన్నారు. అంతా గ్యాస్ వల్లేనా అంటే అలా చెప్పలేమన్నారు, నేను ఏడో తరగతిలో ఉండగా మానేసిన సిగరెట్లు కూడా లెక్కలోకి వస్తాయట. ఇన్‌హేలర్ రాశారు. నాన్నతోపాటు కొలిమి దగ్గర చేసినవాళ్ళు ఊళ్ళో ఇంకా నలుగురున్నారు. ఇద్దరు టెస్ట్ చేయించుకున్నారు. మిగతా ఇద్దరు "ఇప్పుడెందుకులే" అంటున్నారు, నాన్న వాళ్ళ వెంటపడుతున్నారు.

దిగేటప్పుడు పాక్ నాన్న చేతిలో ఒక గంధకం తాబేలు పెట్టాడు. కరిగిన గంధకాన్ని అచ్చులో పోసి చేస్తారు, అక్కడ అందరూ అమ్ముతారు, ఆయన డబ్బులు తీసుకోలేదు. వాసన వస్తోందని అమ్మ దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు, బాల్కనీలో కొబ్బరిచిప్పలో ఉంది. పీక్ ఫ్లో మీటర్ మాత్రం ఫ్రిజ్ మీద ఉంటుంది. నాన్న రోజూ పొద్దున్నే మూడుసార్లు ఊది, అందులో పెద్ద నంబర్ నాకు వాట్సాప్ చేస్తారు. నేను హాస్టల్లో స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కిస్తున్నాను. జూలైలో మొదలెట్టినప్పుడు 290. ఇవాళ పొద్దున్న 340.